తెర లాగే చెయ్యి

విశాఖపట్నంలో ఒక హాలు. పేరెందుకులెండి, ఇప్పుడు బాగానే నడుస్తోంది. చాలా ఏళ్ల కిందట అక్కడ నాటక పోటీలు జరుగుతుంటే నేను స్టేజీ పక్కన, వింగు చాటున నిలబడి చూస్తున్నాను. ఒక నాటకానికీ ఇంకో నాటకానికీ మధ్య పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో రాజుగారి కొలువు పోయి పూరిపాక రావాలి. తెరల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. లుంగీ ఎగ్గట్టి, తాడు రెండు చేతులా అందుకుని, పైకైనా చూడకుండా లాగేవాడు. ఆ రోజు తెర సగం దూరం వెళ్లాక చెయ్యి ఆపేశాడు. "ఏటో తగిల్నాది బాబూ" అన్నాడు. పైనంతా చీకటి. ఎవరికీ ఏమీ కనబడలేదు, ఏ చప్పుడూ వినబడలేదు. టార్చి వేసి చూస్తే, తెర కట్టిన పైపు కొస పక్కనున్న లైటు వైరులో ఇరుక్కుని ఉంది. ఇంకో గజం లాగి ఉంటే ఆ లైటు ఊడి స్టేజీ మీద పడేది.

కొన్నేళ్లకు అదే హాలుకు మోటార్లు వచ్చాయి. తాళ్ల స్థానంలో గోడకు బటన్లు. అందరం సంతోషించాం, పెద్దాయనతో సహా. ఒక రిహార్సలులో మళ్లీ అలాగే పైపు ఇరుక్కుంది. మోటారు ఆగలేదు. ఆగమని దానికి ఎవరూ నేర్పలేదు. పైపు విల్లులా వంగింది, ఒక తాడు బిగింపు జారింది, ఆ తర్వాత ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్ తీశారు. అప్పుడు కింద ఎవరూ లేరు కాబట్టి ఇదంతా తాపీగా రాయగలుగుతున్నాను.

మోటారు బలంలో పెద్దాయనకు ఎన్నో రెట్లు. దానికి లేనిదల్లా స్పర్శ. పాత రంగస్థలాన్ని కొత్త యంత్రాలతో బాగుచేయడమంటే బలం పెంచడమని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. బలం చవక, బజార్లో దొరుకుతుంది. చేతికున్న తెలివిని ఇనుముకు నేర్పడం దగ్గరే డబ్బూ బుర్రా ఖర్చవుతాయి.

ఈ తాళ్లూ కప్పీలూ పైపుల ఏర్పాటు మొత్తాన్ని ఇంగ్లిషువాళ్లు రిగ్గింగ్ అంటారు. ఆ మాట వినగానే మనకు పోలింగ్ బూతులు గుర్తొస్తాయి గానీ, దాని పుట్టిల్లు ఓడ. తెరచాప ఓడలో కొయ్య స్తంభాలనూ చాపలనూ పట్టి ఉంచే తాళ్ల అల్లికకు ఆ పేరు. యూరప్ నాటకశాలల్లో తెరల్ని పైకి లేపాల్సి వచ్చినప్పుడు ఆ పని తెలిసినవాళ్లు నావికులే. వాళ్ల కప్పీలు, ముడులు, తాడు చుట్టి బిగించే మేకులు, అన్నీ స్టేజీ పైకి ఎక్కాయి. నావికులు ఒకరికొకరు ఈలతో సైగ చేసుకునేవారట. అందుకే అక్కడి స్టేజీ మీద ఈల వెయ్యకూడదన్న నమ్మకం పుట్టిందని చెబుతారు. ఎవరో సరదాకు ఈల వేస్తే, పైనున్నవాడు అది తనకే అనుకుని ఇసుక మూట వదిలేస్తాడన్న భయం. మన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషం కట్టి, ఈలతో పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నది తెలుగు స్టేజీ మీద కాబట్టి సరిపోయింది. లండన్లో అయితే ఆ పద్యం పూర్తయ్యేది కాదేమో.

ఓడ తాడులో ఉన్న కిటుకు చూడాలంటే విశాఖ వాళ్లు పోర్టు దాకా వెళితే చాలు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే స్టీమరు తొలి ఓడగా ఈ రేవులోకి వచ్చింది. ఆనాటి నుంచి నేటి వరకూ రేవుకు చేరిన ఓడను ఆపుతున్నది గట్టు మీద పాతిన పొట్టి ఇనప దిమ్మ, దాని చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పిన మోకు. వేల టన్నుల ఓడ అటు గుంజుతుంటే, ఇటు మోకు కొసను ఒక ఖలాసీ కాలితో తొక్కి పట్టుకోగలడు. బలమంతా ఒరిపిడిది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త దీని లెక్క తేల్చాడు. తాడు దిమ్మను రాసుకునే కొద్దీ పట్టు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. ఒరిపిడి గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు పట్టు దాదాపు 6.6 రెట్లు. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 285. అంటే అటువైపు 285 కిలోలు వేలాడుతుంటే, ఇటువైపు ఒక కిలో బలంతో పట్టుకుంటే చాలు. పాతకాలపు నాటకశాలలో తాడును కొయ్య మేకుకు చుట్టి తెరను నిలబెట్టిన మనిషి వాడుకున్నదీ ఇదే లెక్క. సూత్రం ఆయనకు తెలియకపోయినా, ఎన్ని చుట్లు వెయ్యాలో తెలుసు.

చుట్టి పట్టుకోవడం ఒక ఎత్తు, పైకి లాగడం ఇంకో ఎత్తు. రెండు వందల యాభై కిలోల సీనరీని చేత్తో లాగాలంటే నలుగురైదుగురు కావాలి. అక్కడే కావిడి పనికొచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు కావిడి మోసేవాళ్లను చూసినవాళ్లకు ఈ సంగతి పెద్దగా వివరించనక్కర్లేదు. రెండు వైపులా సమానంగా ఉంటే బద్ద నిలుస్తుంది. నాటకశాలలో పైపు ఒక బుట్ట. పైపు నుంచి బయలుదేరిన తాళ్లు పైకప్పు కింది కప్పీల మీదుగా పక్క గోడ దగ్గరికొచ్చి, అక్కడ ఒక ఇనప చట్రాన్ని మోస్తాయి. అది రెండో బుట్ట. పైపుకు ఎంత బరువు కడితే చట్రంలో అన్ని ఇనప దిమ్మలు పేరుస్తారు. ఇక చేత్తో లాగేవాడికి మిగిలేది కప్పీల ఒరిపిడి, అటూ ఇటూ ఉన్న కాస్త తేడా. ఒక్క మనిషి ఒక్క చేత్తో అడవిని లేపి అంతఃపురాన్ని దింపగలడు.

ఇందులో ఒక మాయ ఉంది, కొత్తవాళ్లు దానికి పడిపోతారు. బరువు చచ్చిపోయింది గానీ జడత్వం చావలేదు. ఇటు 250, అటు 250, మొత్తం ఐదు వందల కిలోల ఇనుమూ కర్రా కదులుతున్నాయి. ఫిషింగ్ హార్బర్లో నీటి మీద తేలే పడవను చిన్నపిల్లాడు కూడా ఒక తోపు తొయ్యగలడు. అదే పడవకీ గట్టుకీ మధ్య వేలు పెడితే నలిగిపోతుంది. సమతూకంలో ఉన్న తెర కూడా అంతే. కదిలించడం తేలిక, కదిలాక ఆపడం కష్టం. పెద్దాయన ఎప్పుడూ తెర గమ్యం చేరడానికి గజం ముందే తాడును బిగబట్టడం మొదలుపెట్టేవాడు.

కావిడికి బరువులు ఎత్తే వరస కూడా ఉంది. పైపు నేల దగ్గర ఉన్నప్పుడు ముందు పైపుకు సీనరీ కట్టాలి, ఆ తర్వాతే పైన చట్రంలో దిమ్మలు పెట్టాలి. విప్పేటప్పుడు తిరగేసి, ముందు దిమ్మలు తీయాలి, ఆ తర్వాత సీనరీ. కారణం సులువే. నేల దగ్గరున్న పైపుకు బరువెక్కువైతే అది ఇంకా కిందికి పోలేదు. పైనున్న చట్రానికి ఎక్కువైతే దాని కింద పది మీటర్ల ఖాళీ ఉంది. పది మీటర్ల నుంచి స్వేచ్ఛగా పడ్డ వస్తువు నేలను తాకేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే గంటకు 50 కిలోమీటర్లు. బీచ్ రోడ్డులో బైకు వేగం. నాటకం అయిపోయాక, అర్ధరాత్రి, లారీ బయట హారన్ కొడుతుండగా, తొందరలో ఎవరో ముందు సీనరీ విప్పేస్తారు. ఇలాంటి వ్యవస్థలున్న ప్రతి దేశంలోనూ ప్రమాదాలకు ఇదొక పాత దారి.

మరి కావిడి మోసేవాడి భుజం మీద ఎంత బరువు? రెండు బుట్టలదీ. దీన్ని మరిచిపోయే ఇంజినీర్లను కూడా చూశాను. 250 కిలోల సీనరీని 250 కిలోల దిమ్మలతో తూచితే, పైకప్పు మోసేది 500 కిలోలు. అలాంటి పైపులు ముప్పై ఉంటే, పైకప్పు మీద పదిహేను టన్నులు. అందుకే పాత హాలును బాగుచేసే పని తాడుతో మొదలుకాదు, దూలంతో మొదలవుతుంది. ఆ దూలం ఎప్పుడు పోశారు, లోపలి కమ్మీలు తుప్పు పట్టాయా, ట్రస్సు అతుకులు ఎలా ఉన్నాయి, ఇవి తేలకుండా ఏ మోటారు కొనాలో చర్చించడం, పునాది చూడకుండా పైఅంతస్తుకు రంగు ఎంచుకోవడమే. మోటారు డ్రమ్మును నేరుగా పైకప్పు కింద కప్పీలుండే గ్రిడ్డు మీదే బిగిస్తే దిమ్మలు అక్కర్లేదు. అప్పుడు పైకప్పు మీద పడేది సీనరీ బరువు, మోటారు సొంత బరువు. అదే మోటారును నేల మీద పెట్టి తాడును పైకి పంపితే, నేలకు కట్టిన ఆ లాగుడు కూడా కప్పీ మీదే పడి, పైకప్పుకు మళ్లీ రెట్టింపు. మోటారు ఎక్కడ పెట్టాలన్నది ఖాళీ ఎక్కడుందన్నదాన్ని బట్టి తేల్చే విషయం కాదు.

ఇదంతా ఫ్లై టవర్ ఉన్న నాటకశాలల సంగతి. వేదిక ముందు నోరు ఆరు మీటర్ల ఎత్తుంటే, వెనక పైకప్పు కనీసం రెండున్నర రెట్లు, పదిహేను మీటర్లు ఉండాలని వాస్తుశిల్పుల మోటు లెక్క. తెరను చుట్టకుండా మడవకుండా నిలువునా పైకి లేపితే దాని కింది అంచు కూడా ప్రేక్షకుడి చూపుకు దొరక్కూడదు కదా. తెలుగు ఊళ్లలో ఆడిటోరియం అని కట్టినవాటిలో చాలామటుకు ఈ ఎత్తు ఉండదు. సభలకూ సన్మానాలకూ కట్టి, నాటకానికి అద్దెకిస్తాం. మరీ మాట్లాడితే మన గొప్ప నాటకాల్లో కొన్నిటికి పైన ఏమీ అక్కర్లేదు కూడా. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కానికి ఏ కప్పీ కావాలి? గిరీశం చేతిలో చుట్ట ఉంటే చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఉంటూ నాటకాన్ని భుజాన వేసుకున్న కె.వి. గోపాలస్వామి నాయుడు గారి పేరు వింటే గుర్తొచ్చే ఓపెన్ ఎయిర్ థియేటరుకు పైకప్పే లేదు, తెర తగిలించాలంటే ఆకాశమే.

కానీ పైన ఏమీ లేని చోట కూడా మాయాబజార్ ఆడించినవాళ్లు మనకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన సురభి నాటక సంప్రదాయం మన రిగ్గింగ్ చరిత్రలో మొదటి పాఠం. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట, అంటే చీకట్లో నిలబడి తన చేతి కదలికతో వెలుగులో ఇంకొకరిని ఆడించే విద్య. ఊరూరా డేరా వేసి, వాసాలు పాతి, ఆ వాసాలనే దూలాలు చేసుకుని తెరలు కట్టారు. నారదుడు మేఘాల్లోంచి దిగాడు, రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి, ఘటోత్కచుడు మాయలు చేశాడు. అన్నీ తీగలూ తాళ్లూ చేతులే. సురభివాళ్లది కుటుంబ నాటకం. కాబట్టి గాల్లో వేలాడే మనిషి ప్రాణం ఎవరో కాంట్రాక్టు మనిషి చేతిలో కాక, తండ్రి చేతిలోనో మేనమామ చేతిలోనో ఉంటుంది. భద్రతా ప్రమాణాల పుస్తకాల్లో ఈ ఏర్పాటుకు సంఖ్య లేదు, ఉంటే చాలా పెద్దదే వేయాలి.

పైన ఎత్తు లేనప్పుడు తెరను ఎక్కడికి పంపాలి? చాపలా చుట్టెయ్యాలి. కింది అంచుకు గుండ్రటి గుంజ కట్టి, దానికి రెండు కొసలా తాడు చుట్టి లాగితే, తాడు విప్పుకుంటుంటే తెర చుట్టుకుంటూ పైకి పోతుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ ఇందులో చక్కని భౌతికశాస్త్రం ఉంది. గుంజకు ఒక పక్క తెర గుడ్డ, ఇంకో పక్క తాడు. గుంజ తిరగకుండా నిలవాలంటే రెండు వైపుల లాగుడూ సమానంగా ఉండాలి. కాబట్టి బరువులో సగం గుడ్డ మోస్తుంది, సగమే తాడు మీద పడుతుంది. గుంజే కదిలే కప్పీ అయి కూర్చుంది. బదులుగా తాడును రెట్టింపు దూరం లాగాలి. ఎత్తు తక్కువ హాళ్లకు ఇప్పుడు యంత్రాల కంపెనీలు అమ్మే చుట్టు తెర కూడా పనిచేసేది చుట్టడం మీదే, కాకపోతే గుంజ అల్యూమినియం, తిప్పేది మోటారు.

మరి ఇన్నాళ్లూ నడిచిన చేతి తాళ్లు ఇప్పుడెందుకు చాలడం లేదు? బరువు మారింది. ఎనిమిది మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తున్న కాన్వాసు తెర తీసుకోండి. చదరపు మీటరుకు మూడు వందల గ్రాముల బట్ట అయితే మొత్తం పన్నెండు కిలోలు, రంగులతో కలిపినా ఇరవై దాటదు. ఇప్పుడు నృత్యానికైనా నాటకానికైనా వెనక ఎల్ఈడీ గోడ కావాలంటున్నారు. అది చదరపు మీటరుకు ముప్పై, నలభై కిలోలు ఉంటుంది. ఆరు మీటర్లు, నాలుగు మీటర్ల గోడ, చదరపు మీటరుకు 35 కిలోల చొప్పున, 840 కిలోలు. అడవి బొమ్మ ఉన్న గుడ్డ పోయి, అదే అడవి బొమ్మ చూపించే మారుతీ కారు వేలాడుతోందన్నమాట.

ఈ 840 కిలోలను ఆరు మీటర్ల పైపుకు కట్టి, రెండు చివర్లా ఒక్కోటి, నడుమ ఒకటి, మూడు తాళ్లతో లేపామనుకోండి. ఒక్కో తాడు మీద ఎంత? మూడో వంతు, 280 అంటాం. నేనూ అదే అన్నాను, స్ట్రక్చరల్ ఇంజినీరు నవ్వాడు. మూడు తాళ్లూ ఒకే ఎత్తులో, ఒకే బిగువులో ఉంటే, పైపు వంగే తీరు వల్ల నడుమ తాడు ఎనిమిదింట ఐదు వంతులు మోస్తుంది, అంటే 525 కిలోలు. చివరి రెండూ చెరో 157న్నర. పెళ్లిలో వంటవాళ్లు పొడుగాటి గంగాళాన్ని ముగ్గురు పట్టుకుని మోస్తుంటే నడుమవాడి ముఖం చూడండి.

ఇక తాడు సంగతి. 8 మిల్లీమీటర్ల ఉక్కు తాడు, సామాన్యంగా దొరికే రకం, సుమారు 3,800 కిలోల దగ్గర తెగుతుంది. ఒక వేలి మందం కూడా లేని తాడుకు అంత సత్తువ దానిలోని సన్నని తీగల వల్ల వచ్చింది. దాదాపు 0.8 శాతం కర్బనం ఉన్న ఉక్కు కడ్డీని చల్లగా ఉండగానే, అంటే కాల్చకుండా, చిన్న చిన్న రంధ్రాల గుండా లాగుతూ సన్నబరుస్తారు. లాగినకొద్దీ లోపలి పొరలు దగ్గరపడి గట్టిబడతాయి. మన ఇళ్ల స్లాబుల్లో వేసే కమ్మీకి మూడు రెట్లకు పైగా బలం వస్తుంది. ఇలాంటి తీగలకు మూలం వైర్ రాడ్. గాజువాక అవతల మన ఉక్కు కర్మాగారం తయారుచేసే సరుకుల్లో వైర్ రాడ్ కూడా ఉంది.

3,800 కిలోలకు తెగే తాడుకు మనుషుల తలల మీద 3,800 కట్టరు. పదో వంతు, 380 కడతారు. మిగతా తొమ్మిది వంతులు దేనికంటే, మనకు తెలియనివాటికి. కప్పీ మీద వంగి వంగి తీగ అలసిపోవడానికి, బిగింపు దగ్గర పోయే బలానికి, హఠాత్తుగా ఆపినప్పటి కుదుపుకు. సెకనుకు మీటరు వేగంతో దిగుతున్న సీనరీని పదో వంతు సెకనులో ఆపితే, ఆ క్షణం తాడు మీద బరువు రెట్టింపవుతుంది. ఒక సెకను తీసుకుని ఆపితే పెరిగేది పదో వంతే. ఇప్పుడు పైన లెక్కకు తిరిగి రండి. తాడుకు 280 అనుకున్నాం, 380 లోపే ఉందని నిద్రపోయాం. నిజానికి నడుమ తాడు 525 మోస్తోంది. తెగదు. తెగదు కాబట్టే ఎవరికీ తెలియదు. దాచుకున్న సొమ్ములోంచి రోజూ కొంత ఖర్చవుతోంది, అంతే.

ఆ సొమ్ముకు విశాఖలో ఇంకో దొంగ ఉన్నాడు. ఉప్పు గాలి. సముద్రపు తుంపర్ల నుంచి వచ్చే ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, చెమ్మను పీల్చుకుని తడుస్తుంది. మన ఊళ్లో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే. అంటే వాన పడకపోయినా, హాలు తలుపులు మూసి ఉన్నా, పైన గ్రిడ్డు మీది తాడు కంటికి కనబడని ఉప్పునీళ్లలో నానుతూనే ఉంటుంది. ఉక్కు తాడు నడుమ గ్రీజులో నానబెట్టిన నార ఉంటుంది. తుప్పు అక్కడి నుంచి, లోపలి నుంచి మొదలవుతుంది. పైపైన చూస్తే మెరుస్తూనే ఉంటుంది. వంచి చూస్తే పేటల సందుల్లోంచి ఎర్రటి పొడి రాలుతుంది. వెర్నియర్ కాలిపర్తో మందం కొలిస్తే కొత్తప్పటి కన్నా సన్నబడి ఉంటుంది. అప్పుడు మార్చేయడమే, రంగు వెయ్యడం కాదు. స్టెయిన్‌లెస్ తాడు వేస్తే సరిపోదా అని అడుగుతారు. మామూలు రకం స్టెయిన్‌లెస్‌ను కూడా సముద్రపు ఉప్పు గుంటలు గుంటలుగా తింటుంది.

ఇప్పుడు మోటారు దగ్గరకి వద్దాం. మంచి యంత్రంలో నేను మొదట చూసేది బ్రేకు. రెండు ఉండాలి, ఒక్కోటీ మొత్తం బరువును ఒంటరిగా ఆపగలిగేది అయి ఉండాలి. వాటి స్వభావం తమాషాగా ఉంటుంది. కరెంటు ఉంటే వదులుతాయి, పోతే పట్టుకుంటాయి. పట్టుకునే పని స్ప్రింగుది, వదిలించే పని విద్యుత్తుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద విరుచుకుపడి, చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు, ఇలాంటి యంత్రం పైన ఏది వేలాడుతుంటే దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటుంది. దింపాలంటే చేత్తో తిప్పే హ్యాండిలు ఉండాలి. కొటేషన్లలో ఆ హ్యాండిలును తీసేసి ధర తగ్గించడం కూడా కద్దు.

రెండోది, ఎక్కడ ఆగాలో తెలిసే స్విచ్చులు. మామూలుగా ఆపేది ఒకటి, అది విఫలమైతే ఆపేది దాని పైన ఇంకొకటి. మూడోది తాడు వదులైతే పసిగట్టేది. దిగుతున్న సీనరీ దేనిమీదో ఆనుకుంటే తాడు సడలుతుంది, మోటారు మాత్రం ఇంకా వదులుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఆనుకున్నది జారితే సడలిన తాడంతా ఒక్క కుదుపులో బిగుస్తుంది. నాలుగోది, ఈ వ్యాసం మొదట్లో వంగిన పైపుకు లేకపోయినది, లోడ్ సెల్.

లోడ్ సెల్ అంటే ఒక ఉక్కు ముక్క, దానికి అతికించిన సన్నని లోహపు రేకు తీగ. బరువు పడితే ఉక్కు సాగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో. దానితో పాటు అతికిన తీగా సాగి, సన్నబడి, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. పొడుగులో వెయ్యింట ఒక వంతు సాగితే నిరోధంలో మార్పు దాదాపు వెయ్యింట రెండు వంతులు. 350 ఓములు ఉన్నది 350.7 అవుతుంది. ఆ ముప్పాతిక ఓము కూడా లేని తేడాను వీట్‌స్టన్ వంతెన అనే నాలుగు నిరోధాల అమరికతో కొలుస్తారు. ఇంటర్మీడియట్ ల్యాబులో మీటర్ బ్రిడ్జ్ తీగ మీద జాకీ జరిపినవాళ్లు ఆ వంతెన మీద ఒకసారి నడిచినవాళ్లే. పెద్దాయన అరచేతి చర్మం కింద నరాలు చేసే పనిని ఈ రేకు చేస్తుంది.

ఇవన్నీ బిగించాక పరీక్ష. అనుమతించిన బరువుకు సాధారణంగా పావు వంతు ఎక్కువ వేలాడదీసి చూస్తారు. విశాఖలో ఈ మాట రాస్తున్నప్పుడు 2020 ఆగస్టు 1 గుర్తురాకుండా ఉండదు. హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేను బరువు పరీక్ష జరుగుతుండగా కూలి 11 మంది చనిపోయారు. బరువు పరీక్ష లాంఛనం కాదు. ఈ ఇనుము నిలుస్తుందా అని నిజంగా అడగడం. నిలవదు అని జవాబు రావచ్చు కాబట్టే అడుగుతున్నాం. జవాబు వచ్చే చోట మనిషి ఉండకూడదు. నాటకశాలలో అయితే స్టేజీ ఖాళీ చేయించి, తలుపులకు తాళం వేసి, కంట్రోలు బల్ల దగ్గర ఒక్కరే ఉండాలి. కొబ్బరికాయ కొట్టడం తర్వాత.

మళ్లీ మా హాలు. పైపు వంగిన తర్వాత లోడ్ సెల్స్ పెట్టించారు. ప్రతి తెర బరువూ తూచి, దానికి ఐదు శాతం మించితే ఆగిపోవాలని నియమం పెట్టారు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక వానాకాలం సాయంత్రం, సభ మొదలయ్యే వేళకు, ముందు తెర సగంలో ఆగింది. ఎర్ర దీపం. టార్చీలు వేసి వెతికారు. ఏదీ ఎక్కడా తగల్లేదు. కిందికి దింపి మళ్లీ లేపారు, మళ్లీ ఆగింది. చివరికి మీటరు చదివితే, 120 కిలోల తెర 128 చూపిస్తోంది. మఖమలు నూలుది. నూలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. గాలి తేమ 60 శాతం నుంచి 90కి చేరితే ఆ పీల్చుకున్న నీళ్లే ఏడెనిమిది కిలోలు. తెరకు జలుబు చేసింది, యంత్రం దాన్ని ప్రమాదం అనుకుంది.

హద్దును పది శాతానికి పెంచేద్దామన్నాడు ఒకాయన. పెంచితే నిజంగా ఇరుక్కున్న రోజున ఆలస్యంగా తెలుస్తుంది. యంత్రం అమర్చిన కుర్రవాడు ఇంకో దారి పట్టాడు. ఎత్తే ప్రతిసారీ మొదటి అరడుగులో యంత్రం తెరను కొత్తగా తూచుకుంటుంది, ఆ పూట దాని బరువు అదేనని ఒప్పుకుంటుంది, అక్కడి నుంచి బరువులో వచ్చే మార్పును మాత్రమే కనిపెడుతుంది. తేమ పొద్దుటి నుంచీ నెమ్మదిగా ఎక్కుతుంది. ఇరుక్కున్న పైపు బరువు అర సెకనులో ఎక్కుతుంది. ఏది ఎంత బరువున్నా దాటకూడని పెద్ద హద్దు వేరే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

పెద్దాయన్ని ఒకసారి అడిగాను, ఈ తెర ఎంత బరువుంటుందని. నవ్వాడు. "నాకేటి తెలుస్తాది బాబూ, ఏ రోజు బరువు ఆ రోజుదే" అన్నాడు.